గార్డియన్ చేతికి

బాలకుమారి మెడలో ఇప్పుడు తాళం చెవి లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ సన్నటి గొలుసుకి శిలువ, దాని పక్కనే ఇనప బీరువా తాళం చెవి కలిసి వేలాడేవి. బోర్డు మీద రాస్తుంటే రెండూ తగిలి చప్పుడయ్యేది. ఇప్పుడు శిలువ ఒక్కటే ఉంది. కొత్తగా చేరిన టీచర్లు నా దగ్గరికొచ్చి, "ఆవిడ క్లాసు చెప్పేసి నేరుగా ఇంటికెళ్ళిపోతారేంటి, పిల్లలతో ఒక్క ముక్కయినా మాట్లాడరేంటి?" అని అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు లెండి. ఎవరి మీద మండాలో తెలియకపోవడమే అసలు మంట.

అందుకని ఒక్కసారి మొత్తం చెప్పేస్తాను. నా నోరు మంచిది కాదని మా అమ్మే అనేది కాబట్టి, మధ్యలో ఎవరినైనా నాలుగు తిడితే సర్దుకోండి.

నా పేరు సుధారాణి. టాటానగర్‌లో కాసిడీహ్ అనే పేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. మా తాత టెక్కలి వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బాలకుమారి వాళ్ళది కాకినాడ దగ్గర ఊరు. వాళ్ళ నాన్న ఆరోగ్యస్వామి ప్లాంటులో ఫిట్టరు, ఆదివారం తెలుగు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. భర్త జేవియర్ ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కంపెనీలో లేత్ మిషను మీద పని చేస్తాడు. ఆవిడ నాకన్నా పెద్దది, బాలక్కా అని పిలుస్తాను. పిల్లల్లేరు. ఆ సంగతి ఎవరైనా కదిపితే, "నాకు ఏటేటా నలభై మంది కొత్తగా పుడుతున్నారు, మీరెంతమందిని కన్నారేంటి?" అని అడిగి వాళ్ళ నోరు మూయించేది.

దేవత అని చెప్పడం లేదు. నా ఎర్ర పెన్నులు పట్టుకెళ్ళి ఒక్కటీ తిరిగివ్వలేదు. పాట ఎత్తుకుంటే శ్రుతి ఆమడ దూరంలో ఉండేది. టీలో పంచదార తగ్గితే స్టాఫ్‌రూమంతా వినబడేలా సణిగేది. ఏదైనా పట్టుకుందంటే మాత్రం ఉడుంపట్టే.

కొన్నేళ్ళ కిందట రాంచీలో పిల్లల భద్రత గురించి శిక్షణ పెట్టారు, బడికొక టీచరు రావాలన్నారు. మా ప్రిన్సిపాల్ సౌరభ్ సర్ స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి అటూ ఇటూ చూస్తే మేమంతా తలలు వంచుకుని నోటుపుస్తకాలు దిద్దడం మొదలెట్టాం. కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్న బాలక్క దొరికింది. తిరిగొచ్చాక ఆవిడ చేసిన మొదటి పని, లైబ్రరీ మూలగదిలో తుప్పు పట్టి పడున్న ఇనప బీరువాని కడిగించి, రంగేయించి, కొత్త తాళం పెట్టించడం. ఏ పిల్ల విషయంలోనైనా భయపడాల్సింది కనిపిస్తే, అది దెబ్బ గానీ ఆకలి గానీ బయటికి చెప్పుకోలేని ఇంకేదైనా గానీ, ఎవరు చూశారు, పిల్ల ఏమంది, మనమేం చేశాం, అన్నీ రాసి అందులో పెట్టాలి. మార్కుల ఫైలు వేరు, ఇది వేరు. ఆవిడా ప్రిన్సిపాలూ తప్ప మరొకరు ముట్టుకోకూడదు. మేం కొన్నాళ్ళు "సీబీఐ మేడమ్" అని ఏడిపించాం. "మీ ఆయనల ఫైళ్ళు కూడా తెరుస్తాను, జాగ్రత్త" అనేది.

శిక్షణలో నేర్పారో, తనకే తోచిందో గానీ, బాలక్క ఎప్పుడూ పిల్లకి తెలియకుండా రాసేది కాదు. పెన్ను మూత తీసి చూపించి, "రాసుకోనా?" అని అడిగేది.

"రాస్తే ఏమవుతుంది మిస్?" అనేవాళ్ళు పిల్లలు.

"రాస్తే నేను మర్చిపోను."

"ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. నీకు సాయం చేసేవాళ్ళు చూస్తారు. ఇంకెవ్వరూ చూడరు." ఇలా అంటూ గొలుసుకున్న తాళం చెవి పైకి తీసి చూపించేది. ఆ తాళం చెవి చూశాక వద్దన్న పిల్లని నేను చూడలేదు.

హిమబిందు నాలుగో క్లాసులో ఉండగా ఆ బీరువాలోకి ఆమె పేరుతో ఒక ఫైలు వచ్చింది. ఆ పిల్ల తండ్రి జబ్బు చేసి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని రూర్కెలా వెళ్ళిపోయింది. జుగ్సలాయిలో నానమ్మ జోగమ్మ, చిన్నాన్న హరికిరణ్ దగ్గర పెరుగుతోంది. జోగమ్మ అక్కడే ఒక గోడౌనులో పప్పులు చెరిగే పనికి వెళ్ళేది. హరికిరణ్ ఎవరో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. బడి రిజిస్టర్లో గార్డియన్ అతనే. చూస్తే ఎవరైనా మెచ్చుకుంటారు. ఇస్త్రీ చొక్కా, జోడించిన చేతులు, గేటు దగ్గర చప్రాసీకి కూడా నమస్తే. నోట్లో బెల్లంముక్క పెట్టుకుని పుట్టాడేమో అనిపించేది.

పిల్ల మాత్రం బెంచీకి వీపు ఆనించి కూర్చునేది కాదు. నిటారుగా కూర్చుంటోందని, బుద్ధిమంతురాలని అందరూ అనుకున్నారు. బాలక్క ఒక సాయంత్రం బడి వదిలాక ఆ పిల్లని ఆపి, వాటర్ బాటిళ్ళ మూతలు బిగించే పని అప్పజెప్పి, పక్కన తనూ బిగిస్తూ కూర్చుంది. ఈ ఊరి తెలుగు పిల్లలందరిలాగే బిందు కూడా తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. ఇంట్లో నానమ్మతో కూడా అంతేనట. ఆ రోజు కూడా హిందీలోనే చెప్పింది. చిన్నాన్న బెల్టుతో కొడతాడని, నానమ్మ అడ్డం వస్తే నానమ్మని తోసేస్తాడని, బయట ఎవరికైనా చెబితే నానమ్మని రైలెక్కించి ఊరికి పంపేస్తానన్నాడని చెప్పింది. "రాసుకోనా?" అని అడిగితే చాలాసేపు పెన్ను వైపే చూసి, తర్వాత తలూపింది.

మర్నాడు జోగమ్మని పిలిపించింది. ఆ గదిలో నేనూ ఉన్నాను, సాక్షిగా ఒకరుండాలని బాలక్కే కూర్చోబెట్టింది. జోగమ్మ చీర కుచ్చెళ్ళకి పప్పు పొట్టు అంటుకునుంది. ముందు ఏమీ లేదంది, పిల్ల అబద్ధాలాడుతుందంది. తర్వాత లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నా కడుపున పుట్టినోడే టీచరమ్మా. ఆడి మీద నేనేటి సెప్పగల్ను?"

"నాకు చెప్పండమ్మా. ఊళ్ళో చెప్పక్కర్లేదు."

"సెప్తే రాసేత్తారు కదా."

"రాస్తాను. ఈ బీరువాలో పెట్టి తాళం వేస్తాను. తాళం చెవి నా మెడలో ఉంటుంది."

జోగమ్మ ఆ గొలుసు వైపు చూసింది. "మీ యేసుబాబు మీద ఒట్టేనా?" అంది.

ఆవిడ దేవుడు వేరు, అయినా అడిగింది. బాలక్క తాళం చెవినీ శిలువనీ కలిపి గుప్పిట్లో పట్టుకుంది. అప్పుడు చెప్పింది జోగమ్మ. కన్నకొడుకు ఏం చేశాడో, ఎప్పుడెప్పుడు చేశాడో, తను ఎన్నిసార్లు పిల్లని పక్కింట్లో దాచిందో, కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా, పప్పులో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటీ తీసి చెప్పింది. నాకు మాత్రం దుఃఖం ఆగలేదు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. హెల్ప్‌లైనుకి ఫోను చేసింది. పిల్లల సంక్షేమం చూసేవాళ్ళు వచ్చారు, హరికిరణ్‌ని పిలిపించారు, గట్టిగా మందలించారు. పిల్లని కొట్టనని రాయించుకున్నారు. అతను చేతులు కట్టుకుని అన్నిటికీ ఒప్పుకున్నాడు, పొరపాటైపోయిందన్నాడు. ఇరుగుపొరుగువాళ్ళెవరో చెప్పారనుకున్నాడు తప్ప, తల్లి నోరు విప్పిందని గానీ పిల్ల ఫలానా మాట అందని గానీ అతనికి తెలియదు. తెలియనివ్వలేదు. నానమ్మ తప్ప వేరెవరొచ్చినా పిల్లని గేటు దాటనివ్వకూడదు. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక బిందు వచ్చి బాలక్క దగ్గర కాసేపు నిలబడాలి. అంతే ఏర్పాటు. మాయ లేదు, మంత్రం లేదు. నలుగురి కళ్ళు తన మీద ఉన్నాయని తెలిసి ఆ మనిషి చెయ్యి ఆగింది.

ఆ ఏడాదిలో పిల్ల ఎంత మారిందో మీకెలా చెప్పను. బెంచీకి జారబడి కూర్చుని నాచేత తిట్లు తింది. టిఫిన్ బాక్సులో పరాఠా పక్కపిల్లది లాక్కుంది. స్పోర్ట్స్‌డే నాడు పరుగుపందెంలో నాలుగోదిగా వచ్చి, మొదటి బహుమతి వచ్చినట్టు గంతులేసింది. జోగమ్మ గేటు దగ్గర నిలబడి చూసి, "మా గుంట పరిగెడతాదని నాకు తెల్దు టీచరమ్మా" అంది. బాలక్క ఆ మాట కూడా రాసి ఫైల్లో పెట్టింది. మంచివి కూడా రాయాలట.

మార్చి నెలలో హరికిరణ్ వచ్చి టీసీ కావాలన్నాడు. ఆదిత్యపూర్‌లో ఇల్లు తీసుకున్నానని, పిల్లని అక్కడే ఒక బడిలో చేర్చాలని చెప్పాడు. గార్డియన్ అడిగితే కాదనే అధికారం ఎవరికీ లేదు. బాలక్కకి ఒకటే ఆలోచన. ఫైలు పిల్లకన్నా ముందు అక్కడికి చేరాలి, చేరినట్టు ఒక మనిషికి తెలియాలి. లేకపోతే ఖర్కాయి నది వంతెన దాటగానే పిల్లని కాచే ఆ నలుగురి కళ్ళూ ఉండవు. కొత్త బడికి ఫోను చేస్తే ఆఫీసులో ఎవరో "టీసీలో ఏమైనా తప్పుందా మేడమ్?" అని అడిగారు. ఇది టీసీ కాదు, వేరే ఫైలు అని చెబితే, "అలాంటిదెప్పుడూ తీసుకోలేదే, పట్టుకొచ్చి ప్రిన్సిపాల్ మేడమ్‌కివ్వండి" అన్నారు. తనే పట్టుకెళ్ళాలని నిర్ణయించుకుంది.

బడిలో ఆఖరి రోజు బిందు బీరువా గది గుమ్మంలో నిలబడి, "మిస్, వో కాగజ్ భీ జాయేగా?" అని అడిగింది. ఆ కాగితాలు కూడా వస్తాయా అని.

"వస్తాయి. నేనే తెస్తాను. అక్కడ కూడా ఒక మిస్ చదువుతుంది, నిన్ను చూసుకుంటుంది" అంది బాలక్క.

ఇక్కడ మీకు మా ఆఫీసు సంగతొకటి చెప్పాలి. పిల్ల బడి మారితే టీసీ, మార్కుల షీటు, పుట్టినతేదీ కాగితం, టీకాల కార్డు, అన్నీ ఒక కవర్లో పెట్టి గార్డియన్ చేతికిస్తారు. అతను తీసుకెళ్ళి కొత్త బడిలో ఇస్తాడు. నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఇదే చూశాను. బడికీ బడికీ మధ్య వేరే దారంటూ లేదు, ఉన్నది గార్డియన్ చెయ్యి ఒక్కటే. మా ఆఫీసులో దానికో రబ్బరు స్టాంపు కూడా ఉంది, గార్డియన్ చేతికి ఇచ్చామని హిందీలో. మా క్లర్కు ప్రవీణ్‌కి ఆ స్టాంపంటే ప్రాణం. పిల్ల వెళ్ళిపోయాక ఆ పిల్ల కాగితం ఒక్కటి కూడా బడిలో మిగలకూడదంటాడు. ఒకసారి ఎవరిదో మార్కుల షీటు మిగిలిపోతే టాటానగర్ స్టేషనుకి పరిగెత్తి, కదులుతున్న రైలు కిటికీలోంచి ఆ తండ్రి చేతికందించాడు. ఆ కథ ఇప్పటికీ చెబుతాడు. మంచివాడు. అదే నా ఏడుపు.

బాలక్క ఫైలుకి కాపీ తీసి, అసలుది బీరువాలో పెట్టి, కాపీని ఖాకీ కవర్లో పెట్టి లక్క వేసింది. కొత్త బడి ప్రిన్సిపాల్ పేరు రాసి, ఆవిడే తెరవాలని రాసింది. ఏ పిల్లదో తెలియాలి కాబట్టి కింద హిమబిందు పేరు, క్లాసు, అడ్మిషన్ నంబరు రాసింది. లోపలి వివరాలు ఇంగ్లీషులో రాసినా, పిల్ల మాటలు మాత్రం పిల్ల అన్నట్టే హిందీలో ఉన్నాయి. జోగమ్మ పేరూ ఉంది, చెప్పిందీ ఉంది. కవరు మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలని శుక్రవారం సాయంత్రం ఆయన ట్రేలో పెట్టింది. శనివారం ఆవిడకి వేరే బడిలో బోర్డు పరీక్షల డ్యూటీ పడింది. సోమవారం తీసుకుందాంలే అనుకుంది. టీసీ తయారయ్యేది కూడా వచ్చే వారంలోనే కదా అనుకుంది.

హరికిరణ్ శనివారమే వచ్చాడు. లడ్డూల డబ్బా తెచ్చి ఆఫీసులో అందరికీ పంచాడు, ఇంటి సామానుకి లారీ మాట్లాడేశానని, టీసీ కొంచెం తొందరగా ఇప్పించమని బతిమాలాడు. ప్రవీణ్ చేతిలో పని పక్కన పెట్టి టీసీ రాసిచ్చాడు. అదే సమయానికి ప్రిన్సిపాల్ గదిలోంచి ట్రే కిందికొచ్చింది. సంతకాలయ్యాయి. పైనే ఖాకీ కవరు, దాని మీద హిమబిందు పేరు. ప్రవీణ్ ఇంకేం ఆలోచిస్తాడు? టీసీకి జతచేసి, స్టాంపు కొట్టి, ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున్న మేమిద్దరం కలిసే ఆఫీసులోకి వెళ్ళాం. "ప్రవీణ్, సర్ ట్రేలో నా కవరుండాలి" అంది బాలక్క.

"హిమబిందుదేనా మేడమ్? ఇచ్చేసినాను కదా. శనివారం ఆల చిన్నాన్న వచ్చినారు, టీసీతో పాటే ఇచ్చినాను. లక్క కూడా సెదరనేదు." ఏదో మెప్పు ఆశిస్తున్నవాడిలా రిజిస్టరు మా వైపు తిప్పాడు. హిమబిందు పేరు, ఎదురుగా స్టాంపు, కింద హరికిరణ్ గుండ్రటి సంతకం.

బాలక్క ఆ సంతకం మీద వేలు పెట్టింది. అలాగే ఉంచింది.

"ఏటైనాది మేడమ్? ఏటైనా తక్కువైనాదా?" అన్నాడు ప్రవీణ్.

"తక్కువ కాలేదు నాయనా, ఎక్కువైంది" అన్నాను నేను. "కంచె చేను మేస్తోందని రాసిన కాగితం పట్టుకెళ్ళి కంచె చేతిలోనే పెట్టావు." ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయలేను.

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడ్డాడు. "నాకెలగ తెలుస్తాది మేడమ్? మీద పిల్ల పేరుంది. పిల్ల కాగితం గార్డియన్‌కి ఇయ్యకపోతే మరెవులికి ఇత్తాను?" అన్నాడు. ఇంత నోరున్నదాన్ని, రిజిస్టరు మూసి అతని వైపు జరిపాను.

సౌరభ్ సర్ అయితే, లక్క వేసుంది కదా, తెరవకూడదని రాసుంది కదా, తెరవడేమోలే అన్నారు. దొంగ చేతికి తాళాలిచ్చి, తాళం మీద దొంగతనం చేయరాదని రాసుంది కదా అన్నట్టుంది. ఆయన గొంతులో కూడా నమ్మకం లేదు పాపం.

అక్కడి నుంచే ఆటో ఎక్కి జుగ్సలాయి వెళ్ళాం. ఇంటికి తాళం వేసుంది. పక్కింటావిడ పిండి చేత్తోనే బయటికొచ్చింది. సామాను నిన్న వెళ్ళిపోయిందంది.

"ముసల్దాన్ని నిన్న పొద్దున్నే రైలెక్కించేసినాడమ్మా. ఊర్లో ఎవులో సుట్టాలున్నారట. ఆలు సూత్తారో లేదో. మూట సంకన పెట్టుకుని నాకేసి సూసింది గానీ ఎల్తన్నానని కూడా సెప్పనేదు."

"పిల్ల?" అంది బాలక్క.

"గుంట ఆడితోనే ఉంది. శనివారం సాయంత్రం టీవీ శానా పెద్దగా పెట్టినాడు. మా ఆయన గోడ కొట్టినా తగ్గించనేదు." ఇంకేదో చెప్పబోయి, మా మొహాలు చూసి ఆవిడ ఆగిపోయింది.

చెబితే నానమ్మని ఊరికి పంపేస్తానన్నాడని ఆ పిల్ల మొదటి రోజే చెప్పింది. అది కూడా ఫైల్లో రాసే ఉంది.

బాలక్క ఆ గుమ్మం ముందే నిలబడి హెల్ప్‌లైనుకి ఫోను చేసింది. నిజం చెప్పాలి, వాళ్ళు ఆలస్యం చేయలేదు. ఆదిత్యపూర్ ఇంటికి వెళ్ళారు. పిల్లని విడిగా కూర్చోబెట్టి అడిగారు. పిల్ల చేతి మీద వాపు చూసి ఇదేమిటంటే మెట్ల మీద పడ్డానంది. నానమ్మ తనంతట తనే ఊరెళ్ళిందంది. ఇదివరకు చెప్పినవన్నీ అబద్ధాలని, మిస్ తనే ఏదో అనుకుని రాసేసుకుందని చెప్పింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా అదే మాట. హరికిరణ్ వాళ్ళకి టీ ఇచ్చి గేటు దాకా సాగనంపాడట. కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ అదే జవాబు. ఊళ్ళో జోగమ్మకి ఫోను లేదు. ఎవరి ద్వారానో కబురు చేస్తే, తనకేమీ తెలియదని చెప్పమందట. రాసిన కాగితం ఎవరి చేతికి వెళ్ళిందో ఆవిడకి తెలుసు కదా.

కాగితం పోలేదు, అది గుర్తుపెట్టుకోండి. అసలుది బీరువాలో భద్రంగానే ఉంది. పోయింది పిల్ల నోరు.

అయినా బాలక్క వదల్లేదు. మళ్ళీ కాపీ తీసింది, ఈసారి ప్రిన్సిపాల్ ఎదురుగా నిలబడి సంతకం పెట్టించుకుని తన సంచిలో వేసుకుంది. బిందు కొత్త బడికి వస్తోందని తెలిశాక ఏప్రిల్‌లో ఒకరోజు ఇద్దరం సెలవు పెట్టి వెళ్ళాం. షేర్ ఆటోలో ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఒకావిడ జరగమంటే కూడా చెయ్యి తీయలేదు.

అక్కడి ప్రిన్సిపాల్ బెంగాలీ ఆవిడ, మెత్తటి మనిషి. కవరు తీసుకుంది, మా ఎదురుగానే తెరిచి చదివింది, అందినట్టు సంతకం చేసింది. మేమేది కావాలనుకున్నామో అదంతా జరిగింది. "కానీ పిల్ల ఏమీ లేదంటోందట కదా" అంది చివరికి. "గమనిస్తాం. తప్పకుండా గమనిస్తాం." ఫైలుని తన సొరుగులో పెట్టుకుంది. ఆ సొరుగుకి తాళం లేదు. బాలక్క దాని వైపే చూస్తూ కూర్చుంది.

పిల్లని ఒకసారి చూస్తామంటే పిలిపించింది. బిందు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏప్రిల్ ఎండలో చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకునుంది, బొత్తాలు పెట్టుకునుంది. జుట్టు కురచగా కత్తిరించేశారు. నన్ను చూసింది గానీ బాలక్క వైపు చూడలేదు.

"ఎలా ఉన్నావమ్మా?" అంది బాలక్క.

"సబ్ ఠీక్ హై, మిస్." అంతా బాగుందట.

"నానమ్మ ఫోను చేసిందా?"

పిల్ల చొక్కా చేతిని ఇంకాస్త కిందికి లాక్కుంది. కుర్చీ చూపించి కూర్చోమంటే కూర్చుంది, వీపు ఆనించకుండా.

బాలక్క తనకి అలవాటైన పనే చేసింది. సంచిలోంచి పెన్ను తీసింది, మూత తీసింది. అడుగుదామనే తీసింది, నాకు తెలుసు. పిల్ల ఆ పెన్ను చూడగానే లేచి నిలబడింది. క్లాసుకి వెళ్ళాలంది హిందీలో. ప్రిన్సిపాల్ సరే వెళ్ళమంది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి, బాలక్క కుర్చీకి దగ్గరగా నిలబడింది. అప్పుడు తెలుగులో మాట్లాడింది. బెంగాలీ ప్రిన్సిపాల్‌కి అర్థం కాకూడదని కాబోలు. ఆ పిల్ల నోట తెలుగు మాట నేను వినడం అదే మొదటిసారి, అచ్చం జోగమ్మ యాస.

"మరి రాయొద్దు మిస్. మర్సిపోండి."

అని వెళ్ళిపోయింది. పరిగెత్తలేదు, నడిచే వెళ్ళింది. బాలక్క చేతిలో పెన్ను అలాగే ఉంది. ప్రిన్సిపాల్ మంచినీళ్ళు తెప్పించింది, ముట్టుకోలేదు. నేనే చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద లారీలు అడ్డం పడి మా ఆటో ఆగిపోయింది. ఎండకి రేకు కాలిపోతోంది. బాలక్క మెడ వెనక్కి చేతులు పెట్టి గొలుసు విప్పింది. తాళం చెవి తీసి నా చేతిలో పెట్టి, శిలువని మళ్ళీ మెడలో వేసుకుంది.

"రేపు సర్‌కి ఇచ్చెయ్ సుధా. ఇంకెవరికైనా ఇచ్చుకుంటారు" అంది.

"నువ్వు కాకపోతే ఎవరు చేస్తారక్కా? నీ దగ్గరే ఉంచుకో" అన్నాను.

బాలక్క నా వైపు తిరగలేదు. కింద ఎండిన ఖర్కాయి వైపు చూస్తోంది.

"ఇది నా మెడలో ఉంటే పిల్లలు నమ్ముతారే" అంది.